బిడెవిల్ అంటే బెడద: ఈ ఇంగ్లీషు క్రియను ఎక్కడ వాడాలి, ఎక్కడ వాడకూడదు

హనుమకొండలో బ్యాంకు పరీక్షలకు చదివే పిల్లలకు ఇంగ్లీషు చెబుతుంటాను. పోయిన నెల ఒకమ్మాయి పేపర్లో సంపాదకీయం కత్తిరించి నోట్సులో అంటించుకుని తెచ్చింది. అందులో ఒక మాట కింద ఆకుపచ్చ పెన్నుతో రెండు గీతలు, ఆ మాట నెత్తిన పెన్సిల్‌తో చిన్న అక్షరాల్లో "దెయ్యం పట్టిన" అని రాసి ఉంది. ఆ మాట బిడెవిల్డ్. వాక్యమేమో రెండు దేశాల మధ్య చర్చల గురించి, ఒకరి మీద ఒకరికి నమ్మకం లేక అవి ఏళ్ల తరబడి ముందుకు కదలడం లేదని. "చర్చలకు దెయ్యం పట్టడమేంటి సార్?" అని అడిగింది.

ఆ అమ్మాయి రాసుకున్నది తప్పు కాదు. మాట పుట్టుక అక్కడే. కానీ పుట్టుక తెలిసినంత మాత్రాన వాడకం రాదు, ఈ మాట విషయంలో మన పిల్లలు ఆగిపోయేది సరిగ్గా అక్కడే. ఆ రోజు క్లాసులో చెప్పింది, ఆ తర్వాత వేరే పిల్లలు అడిగితే చెప్పింది, అన్నీ కలిపి ఇక్కడ రాస్తున్నాను.

ముందు పలకడం. అక్షరాలు బి, ఈ, డి, ఈ, వి, ఐ, ఎల్. చూడగానే చాలామంది దాన్ని మూడో అక్షరం దగ్గర విరిచేసి "బెడ్ ఈవిల్" అని చదువుతారు, ఎందుకంటే బెడ్ తెలిసిన మాట, ఈవిల్ తెలిసిన మాట. అలా విరవకండి. రెండో అక్షరం దగ్గర విరవాలి: బి, ఆ తర్వాత డెవిల్. బలమంతా "డె" మీద పడాలి, ముందున్న "బి" పొట్టిగా, చివరి "విల్" దాదాపు "వ్‌ల్" లాగా నలిగిపోయి వినిపించాలి. ఒక్కసారి ఇలా విరిచి చదివితే అర్థం కూడా సగం బయటపడుతుంది.

ఇంగ్లీషులో ఈ "బి" చాలా పాతది, నామవాచకాన్ని, విశేషణాన్ని పట్టుకుని క్రియగా మార్చేస్తుంది. ఫ్రెండ్‌కి ముందు పెడితే బిఫ్రెండ్, అంటే స్నేహం కలుపుకోవడం. సీజ్ అంటే ముట్టడి, బిసీజ్ అంటే ముట్టడించడం. విచ్ అంటే మంత్రగత్తె, బివిచ్ అంటే మంత్రం వేసినట్టు మాయ చేయడం. లిటిల్‌కి తగిలిస్తే బిలిటిల్, అంటే చిన్నచేసి మాట్లాడటం. ఈ చివరిదాన్ని అమెరికా మూడో అధ్యక్షుడు థామస్ జెఫర్సన్ తయారు చేశాడంటారు, ఆయన రాతల్లోనే మొదట కనబడింది, అప్పట్లో బ్రిటిష్ వాళ్లు ఇదేం మాట అని గొడవ కూడా చేశారు. బిహెడ్ ఒక్కటి కొంచెం వేరు, అక్కడ తల పెట్టడం కాదు, తీసేయడం. ఈ "బి"ని గుర్తుపట్టడం అలవాటైతే పరీక్షలో తెలియని మాట వచ్చినా సగం దూరం మీరే వెళ్లిపోతారు, అందుకే దీని మీద ఇంతసేపు కూర్చున్నాను.

ఇక డెవిల్. గ్రీకులో డియాబొలోస్ అనే మాట ఉంది, దానికి నిందలు వేసేవాడు, చాడీలు చెప్పేవాడు అని అర్థం. అది లాటిన్‌లోకి వెళ్లి, అక్కడి నుంచి పాత ఇంగ్లీషుకు వచ్చి, క్రైస్తవంలో సైతాను పేరుగా స్థిరపడింది. కాబట్టి బిడెవిల్ అంటే అక్షరాలా సైతాను పట్టినట్టు పట్టి పీడించడం. మనకు ఇందులో కొత్త ఏమీ లేదు. మన భాషలోనూ పట్టేవి అన్నీ అలాంటివే కదా: దెయ్యం పడుతుంది, శని పడుతుంది, పీడ పడుతుంది, గ్రహణం పడుతుంది. పట్టిందంటే ఒక పట్టాన వదలదు. బిడెవిల్ ప్రాణమంతా ఆ "వదలకపోవడం"లోనే ఉంది.

ఇప్పటి వాడకం చూద్దాం. ఆక్స్‌ఫర్డ్ వాళ్లు నేర్చుకునేవాళ్ల కోసం పెట్టిన నిఘంటువు నెట్‌లో ఉచితంగా దొరుకుతుంది, అందులో ఈ మాట పక్కన ఫార్మల్ అని గుర్తు ఉంటుంది, అర్థం చెప్పేటప్పుడు "చాలాకాలం పాటు" అనే ముక్క ఉంటుంది. పిల్లలు ఆ ముక్కను దాటేసి "ఇబ్బంది పెట్టు" అని మాత్రం రాసుకుంటారు. తప్పులన్నీ అక్కడి నుంచే మొదలవుతాయి. నిన్న ఆటో దొరక్క ఇబ్బంది పడ్డారనుకోండి, అది బిడెవిల్ కాదు. ఒక రోజు కరెంటు పోయింది, కాదు. రెండేళ్లుగా సరిగ్గా పంట పొట్ట మీదున్నప్పుడే ట్రాన్స్‌ఫార్మర్ కాలిపోతోంది, దాన్ని బాగు చేయించుకునే లోపు పొలం ఎండిపోతోంది, అది బిడెవిల్. ఒక ఇబ్బంది మళ్లీ మళ్లీ వచ్చి, పనిని గానీ మనిషిని గానీ కుదురుగా ముందుకు పోనివ్వకపోవాలి.

దీనికి తెలుగులో అచ్చంగా సరిపోయే మాట ఒకటుంది: బెడద. జిల్లా పేజీ ఏ రోజు తీసినా కనిపిస్తుంది, కోతుల బెడద, వీధి కుక్కల బెడద, దోమల బెడద, అడవి పందుల బెడద. చూడండి, బెడద అనే మాటను కూడా మనం ఒక్కసారి జరిగినదానికి వాడం. ఒక కోతి ఒకరోజు వచ్చి అరటిపండు ఎత్తుకుపోతే బెడద అనరు, గుంపులు గుంపులుగా రోజూ వచ్చి పెంకులు పీకి, మొక్కజొన్న కంకులు విరిచి, వాకిట్లో ఆరబెట్టిన వడియాలు చెల్లాచెదురు చేస్తే బెడద అంటారు. బెడద, బిడెవిల్ రెండిటికీ చుట్టరికం ఏమీ లేదు, చెవికి ఒకేలా మొదలవుతాయి అంతే, కానీ గుర్తుపెట్టుకోవడానికి ఇంతకంటే మంచి కొక్కెం నాకు దొరకలేదు. కాబట్టి నేను చెప్పే పద్ధతి ఇది: రాయబోయే విషయాన్ని తెలుగులో "ఫలానాదాని బెడద", "ఫలానాది పట్టి పీడిస్తోంది" అని ఒకసారి అనుకోండి. నోటికి సహజంగా వస్తే బిడెవిల్ వాడొచ్చు. ఎబ్బెట్టుగా ఉంటే వేరే మాట వెతకండి.

రెండు ఉదాహరణలు కాస్త వివరంగా చూపిస్తాను. మొదటిది క్రికెట్. ఆశిష్ నెహ్రా 1999లో టెస్టుల్లోకి వచ్చాడు, 2017లో ఆట మానేశాడు. 2003 ప్రపంచకప్‌లో డర్బన్‌లో ఇంగ్లండ్ మీద 23 పరుగులిచ్చి 6 వికెట్లు తీసిన మ్యాచ్ చూసినవాళ్లెవరూ మర్చిపోరు, అప్పుడు కూడా చీలమండ వాచి ఉంది. అంత బౌలర్, 18 ఏళ్ల కాలంలో ఆడిన టెస్టులు 17. గాయం తగ్గడం, రావడం, మళ్లీ గాయం. ఇంగ్లీషులో దీన్ని "హిజ్ కెరీర్ వాజ్ బిడెవిల్డ్ బై ఇంజరీస్" అంటారు. మన స్పోర్ట్స్ పేజీలో అయితే "గాయాలు వెంటాడాయి" అని రాస్తారు. ఇక్కడ హర్ట్ అనో, ట్రబుల్డ్ అనో రాస్తే తప్పు కాదు గానీ, ఆ 18 ఏళ్ల బరువు అందులోకి రాదు.

రెండోది కృష్ణా నీళ్లు. పంపకం తేల్చడానికి 1969లో బచావత్ ట్రిబ్యునల్ వేశారు, 1973లో నిర్ణయం వచ్చింది. 2004లో బ్రిజేశ్ కుమార్ ట్రిబ్యునల్ వేశారు. 2014లో రాష్ట్రం విడిపోయాక అదే నది మీద ఆంధ్రప్రదేశ్‌కూ తెలంగాణకూ మధ్య పేచీ కొత్తగా మొదలైంది. అర్ధ శతాబ్దం దాటినా కొలిక్కి రాలేదు. "ద డిస్ప్యూట్ ఓవర్ కృష్ణా వాటర్స్ హాజ్ బిడెవిల్డ్ రిలేషన్స్ బిట్వీన్ ద టూ స్టేట్స్" అని రాస్తే మాట సరిగ్గా తన చోటులో కూర్చుంటుంది. ఇక్కడ పీడిస్తున్నది వివాదం, పీడింపబడుతున్నది సంబంధాలు, రెండు వైపులా మనిషి లేడు. ఈ సంగతి గమనించండి, ఎందుకంటే పేపర్లలో ఈ మాట కనబడే వాక్యాల్లో ఎక్కువ శాతం ఇలాంటివే. కర్త స్థానంలో ఆలస్యం, గాయం, అవినీతి, అపనమ్మకం, నిధుల కొరత ఉంటాయి. కర్మ స్థానంలో ప్రాజెక్టు, పార్టీ, చర్చలు, పరిశ్రమ, కెరీర్ ఉంటాయి.

వ్యాకరణం పెద్దగా లేదు, కానీ మనవాళ్లు జారేది రెండు చోట్ల. ఈ క్రియకు కర్మ తప్పనిసరి, దానికీ కర్మకూ మధ్య ఏమీ రాదు. "ద ప్రాబ్లమ్ బిడెవిల్స్ టు అస్" అని రాస్తారు, ఎందుకంటే తెలుగులో "మాకు ఇబ్బందిగా ఉంది" అని మనసులో నడుస్తుంటుంది, ఆ "కు" కాస్తా ఇంగ్లీషులో "టు" అయి కూర్చుంటుంది. "బిడెవిల్స్ అస్" అనాలి, అంతే. కర్మణి వాక్యం చేస్తే "బై" రావాలి: "బిడెవిల్డ్ బై డిలేస్". ఈ మాట కర్మణిలోనే ఎక్కువ కనబడుతుంది కాబట్టి "బిడెవిల్డ్ బై" అని రెండు మాటలు కలిపి ఒకే ముక్కగా కంఠస్థం చేసుకోండి, క్లోజ్ టెస్టులో, అంటే పేరాలో ఖాళీలు నింపే ప్రశ్నలో, ఖాళీ తర్వాత "బై" కనబడితే మెదడు దానంతటదే అటు పోతుంది. ఇంకొకటి, స్పెల్లింగ్. భూతకాలంలో బ్రిటిష్ పద్ధతిలో ఎల్ రెండుసార్లు వస్తుంది, అమెరికాలో ఒక్కసారే, ట్రావెల్డ్‌కి ఎలాగో అలాగే. మన పేపర్లు, మన పరీక్షలు బ్రిటిష్ దారిలోనే ఉంటాయి గనక రెండు ఎల్‌లు రాయండి. అమెరికాలో చదువుకుంటున్న మీ అక్కో తమ్ముడో ఒక్కటి రాస్తే వాళ్లదీ తప్పు కాదు. నామవాచకం బిడెవిల్మెంట్, అది ఎక్కడైనా ఒక్క ఎల్‌తోనే, అయినా దాన్ని వాడే అవసరం మీకు దాదాపు రాదు.

ఇప్పుడు ఈ మాట వాడకూడని చోటు చెప్పాలి, ఇది పరీక్ష మార్కుల కంటే ముఖ్యం. నిఘంటువులో "వేధించు" అనే అర్థం చూసి కొందరు దీన్ని ఫిర్యాదుల్లో వాడుతున్నారు. నా దగ్గర చదువుకున్న ఒకమ్మాయి ఆఫీసులో పై అధికారి మాటల వల్ల, చూపుల వల్ల ఆరు నెలలు నలిగిపోయి, చివరికి ధైర్యం చేసి కంప్లయింట్ రాసి, ఇంగ్లీషు సరిచూడమని నాకు పంపింది. రాసిన తీరు బాగుంది, కానీ మొదటి వాక్యంలోనే "హి హాజ్ బీన్ బిడెవిలింగ్ మి" అని ఉంది. మామూలు మాట కంటే బరువైన మాట పెడితే విషయం గట్టిగా ఉంటుందనుకుంది. నిజానికి జరిగేది తిరగబడి ఉంటుంది. బిడెవిల్ సాహిత్యపు వాసన ఉన్న మాట, చదివేవాడికి అది వర్ణనలా కనబడుతుంది, నేరంలా కనబడదు. అలాంటి చోట హరాస్ అనే రాయాలి. పని చేసే చోట ఆడవాళ్ల రక్షణకు 2013లో వచ్చిన చట్టం పేరులోనే ఆ మాట ఉంది. భర్తా అత్తింటివాళ్లూ పెట్టే హింస గురించి చట్టం వాడే మాట క్రుయల్టీ, 2024 జులై 1 నుంచి అమల్లోకి వచ్చిన భారతీయ న్యాయ సంహితలో అది 85, 86 సెక్షన్లలో ఉంది, ఆ క్రూరత్వం ఏమిటో వివరించే చోట హరాస్‌మెంట్ అనే మాట వస్తుంది. చట్టం ఏ మాట వాడిందో మీరూ ఆ మాటే వాడండి, తేదీ, సమయం, అన్న మాటలు ఉన్నదున్నట్టు రాయండి. ఆ అమ్మాయి వాక్యం మార్చి పంపించాం.

ఇదే కోవలో టీజ్ గురించి ఒక్క మాట. మన దగ్గర ఈవ్ టీజింగ్ అనడం అలవాటైపోయింది. కానీ ఇంగ్లీషులో టీజ్ అంటే సరదాగా ఆటపట్టించడం, అక్క తమ్ముడిని ఏడిపించినట్టు. బస్టాపులో అమ్మాయి వెంటపడేవాడు చేసేది అది కాదు. తెలంగాణ పోలీసుల షీ టీమ్స్‌కి రాసేటప్పుడు కూడా హరాస్ అనీ, వెంటపడుతుంటే స్టాక్ అనీ రాయండి. నాకు ఆ పాత మాట వినబడినప్పుడల్లా బాధగా ఉంటుంది, జరిగినదాన్ని అది సగానికి సగం తగ్గించి చూపిస్తుంది.

ఇక రెండో అర్థం, గందరగోళపెట్టడం. మెరియమ్ వెబ్‌స్టర్ నిఘంటువు తీస్తే పీడించడంతో పాటు చెడగొట్టడం, పూర్తిగా అయోమయంలో పడేయడం అనే అర్థాలు కూడా కనబడతాయి. ఒకే మాటకు ఇన్ని ఎలా వచ్చాయని పిల్లలు తల పట్టుకుంటారు. తెలంగాణ పిల్లలైతే నేను ఒకటే అడుగుతాను: మీరు ఆగం అని ఎన్ని రకాలుగా వాడతారు? "తాగుడుకు పడి ఆగమైండు" అంటే చెడిపోయాడు. "పోరగాళ్లు ఇల్లంతా ఆగం చేసిండ్రు" అంటే చిందరవందర చేశారు. "పరీక్ష హాల్లకు పోంగనే ఆగమాగమైన" అంటే తికమకపడ్డాను. చెడటం, చెదిరిపోవడం, అయోమయం, మూడూ ఒక్క మాటలో ఉన్నాయి, ఎవరికీ ఎప్పుడూ ఇబ్బంది కలగలేదు. బిడెవిల్ కూడా అంతే. కోస్తా పిల్లలకు ఈ పోలిక కొత్తగా ఉంటుంది గానీ ఒకసారి వింటే వదిలిపెట్టరు.

అయితే మనిషి తికమకపడ్డాడని చెప్పడానికి ఇవాళ ఎవరూ బిడెవిల్ వాడటం లేదు. "ద క్వశ్చన్ బిడెవిల్డ్ మి" అంటే, ఆ ప్రశ్న ఏళ్లుగా నన్ను వదలడం లేదని అర్థమవుతుంది తప్ప, పరీక్షలో అర్థం కాలేదని అర్థం కాదు. అలాంటప్పుడు బాఫిల్ వాడండి, ఎంత ఆలోచించినా బుర్రకు అందలేదని. లేదా బివిల్డర్, ఇక్కడ కూడా మన పాత "బి" ఉంది చూడండి, వైల్డ్‌తో చుట్టరికం ఉన్న మాట, అడవిలో దారి తప్పినవాడి పరిస్థితి. కొత్తగా హైదరాబాద్ వచ్చి అమీర్‌పేట మెట్రో స్టేషన్లో ఏ మెట్లు ఎక్కితే ఏ లైను వస్తుందో తెలియక నిలబడిపోయినవాడు బివిల్డర్డ్. గందరగోళం అనే అర్థంలో బిడెవిల్ బతికి ఉన్నది ఒక్క చోట: ఇష్యూ, డిబేట్, క్వశ్చన్ లాంటి మాటలు కర్మగా ఉన్నప్పుడు. "ద ఇష్యూ ఈజ్ బిడెవిల్డ్ బై రూమర్స్" అంటే పుకార్ల వల్ల అసలు విషయం చిక్కుముడి పడిపోయిందని.

దగ్గరి మాటలు ఇంకా ఉన్నాయి, గబగబా చెప్పేస్తాను. పెస్టర్ అంటే మనిషి మనిషిని అడిగిందే అడిగి విసిగించడం, ఫోన్ కొనివ్వమని పిల్లాడు వేపుకు తింటాడే, అది. హాంట్ అంటే జ్ఞాపకం వెంటాడటం. టార్మెంట్‌లో నొప్పి చాలా ఎక్కువ, మన రాచిరంపాన పెట్టడం లాంటిది. ప్లేగ్ దాదాపు బిడెవిల్‌కి కవల, కొంచెం తేలికగా వాడొచ్చు, పరీక్షలో బిడెవిల్‌కి సమానార్థకం అడిగితే ఆప్షన్లలో ప్లేగ్ గానీ బిసెట్ గానీ ఉందేమో ముందు చూడండి. ఆఫీసులో ఎవరైనా ఇవాళ రా, రేపు రా అని తిప్పుతుంటే మనం ముప్పుతిప్పలు పెట్టి మూడు చెరువుల నీళ్లు తాగించారంటాం, దానికి బిడెవిల్ సరిపోదు, అక్కడ తిప్పేవాడు కళ్లెదుట ఉన్నాడు.

ఇంగ్లీషు నుంచి తెలుగులోకి చేసేవాళ్లకు ఒక సలహా. బిడెవిల్డ్ కనబడగానే "వేధించబడింది" అని రాసేయకండి, తెలుగులో అలా ఎవరూ మాట్లాడరు. కర్మణిని తిప్పి, పీడించేదాన్ని ముందుకు తెండి. ప్రాజెక్టు అయితే "పనులకు గ్రహణం పట్టింది" అనొచ్చు, ఆటగాడైతే "గాయాలు వెంటాడుతున్నాయి", పార్టీ అయితే "ముఠా తగాదాలు పట్టి పీడిస్తున్నాయి", ఊరైతే బెడద ఉండనే ఉంది. ఏ మాట కూడా నచ్చకపోతే ఆంధ్రభారతి సైటులో నిఘంటు శోధన ఉంది, బ్రౌన్ నిఘంటువుతో సహా చాలా నిఘంటువులు ఒకేసారి వెతికిపెడుతుంది, నేను రోజూ వాడతాను. కాకపోతే అక్కడ దొరికిన మాటను ఒకసారి పైకి చదవండి, మీ ఇంట్లో వాళ్లకు అర్థం కాదనిపిస్తే రాయకండి.

అభ్యాసానికి ఒక వారం పేపర్ చాలు. ఇంగ్లీషు సంపాదకీయాల్లో ఈ మాట ఎక్కడ దొరికినా పూర్తి వాక్యం రాసుకోండి, ఒక్క మాట మాత్రమే రాసుకోవద్దు. దేన్ని ఏది పీడిస్తోందో, ఎన్నాళ్ల నుంచో పక్కనే తెలుగులో రాయండి. ఆ తర్వాత మీ ఊరి గురించి, మీ ఇంటి గురించి మీ సొంత వాక్యం ఒకటి చేయండి. పుస్తకంలోని వాక్యం పరీక్ష దాకా గుర్తుండొచ్చు, సొంత వాక్యం ఆ తర్వాత కూడా ఉంటుంది.

ఆకుపచ్చ పెన్ను అమ్మాయి నాలుగు రోజుల తర్వాత నోట్సు తెచ్చి చూపించింది. "దెయ్యం పట్టిన" అలాగే ఉంది, దాని పక్కన "బెడద" చేరింది. కింద తన వాక్యం: "ఫర్ టెన్ ఇయర్స్, మంకీస్ హావ్ బిడెవిల్డ్ ద ఫార్మర్స్ ఆఫ్ మై విలేజ్." ఎల్ రెండుసార్లే రాసింది, మధ్యలో "టు" లేదు. "మా నాయిన ఈసారి మక్క ఏస్తలేడు సార్, పత్తి పెడుతుండు" అంది.